అంకవన్నె

నైరీ టిపెనె ఇరవై రెండేళ్ళు గొర్రెల కబేళాలో తలకాయల బల్ల దగ్గర నిలబడింది. ఇన్వర్‌కార్గిల్ ఊరు దాటాక, దక్షిణపు గాలి ఒక్క క్షణం తెరిపివ్వని మైదానంలో ఉండేది ఆ కబేళా. చైను మీద తలకాయ వచ్చి ఎదురుగా ఆగేది. ఆమె దవడ కింద కత్తి దూర్చి, నాలుకను వేరుతో సహా లాగి ఒక తొట్టిలో వేసేది, బుగ్గల మాంసం ఇంకో తొట్టిలో వేసేది, మిగిలింది గొట్టంలోకి తోసేది. ఒక్కో తలకి పదకొండు సెకన్లు. రోజుకి రెండు వేలకి పైగా. కత్తి ఎక్కడ దిగాలో చూసుకోవలసిన అవసరం మొదటి ఏడాదిలోనే పోయింది. పక్క బల్లవాళ్ళతో జోకులు వేసుకుంటూ, రేడియోలో రగ్బీ వింటూ చేసుకుపోయేది.

కబేళా మూతపడిన ఏడాదే ఆమె భర్త మనాహికి పక్షవాతం వచ్చింది. కాలు బాగైంది, చెయ్యి సగం బాగైంది, మాట మాత్రం రాలేదు. ఊళ్ళో అందరికంటే వాగుడుకాయ అని పేరున్న మనిషికి మిగిలినవి మూడే మాటలు: "కాదు", "సరేలే", "దరిద్రం". టీ కావాలన్నా, కిటికీ వెయ్యమన్నా, నైరీ ఆడపడుచు ఫోన్ చేసిందని చెప్పాలన్నా ఈ మూడింటినే అటూ ఇటూ తిప్పేవాడు.

బుధవారం బుధవారం ఆసుపత్రి నుంచి మాట నేర్పే అమ్మాయి వచ్చేది. మాట కంటే ముందు ఆమె మింగడం చూసేది. ఒక చెంచాడు పెరుగు మనాహి నోట్లో పెట్టి, రెండు వేళ్ళు అతని గొంతు మీద ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చునేది. ఎదురుగా కుర్చీలో ఉన్న నైరీ ఆ వేళ్ళనే చూసేది. ఆ చోటు ఆమెకి తెలుసు. గొర్రెలో అదే చోట రోజుకి రెండు వేల సార్లు ఆమె కత్తి తిరిగింది.

"అక్కడ ఏం చూస్తున్నావమ్మా?" అని అడిగింది ఒకరోజు.

"మింగినప్పుడు ఇది పైకి లేవాలి. లేస్తోందా, ఎంత లేస్తోంది, ఎంత ఆలస్యంగా లేస్తోంది అని. మీరూ పెట్టి చూడండి."

నైరీ వేళ్ళు పెట్టింది. మనాహి మింగాడు. చర్మం కింద గట్టిగా, గుల్లగా ఉన్నదేదో ఆమె వేళ్ళ కిందుగా పైకి లేచి మళ్ళీ తన చోటికి దిగింది. ఇరవై రెండేళ్ళలో ఆమె ముట్టుకున్నవి ఏవీ కదల్లేదు. ఇది కదిలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోవడం మర్చిపోతే మనాహి "దరిద్రం" అని నవ్వాడు.

ఆ మరుసటి ఏడు, నలభై ఏడో ఏట, నైరీ డునెడిన్‌లో మాట, వినికిడి చికిత్స చదువులో చేరింది. కొండవాలు మీద ఒక చల్లటి అద్దె ఇంట్లోకి మారారు ఇద్దరూ. బ్లఫ్‌లో ఉండే అక్క రోయిమాత ఫోన్లో తిట్టిపోసింది.

"నీకేమన్నా పిచ్చా? ఇరవై రెండేళ్ళు గొర్రె తలకాయలు కోశావు, అది చాలక ఇప్పుడు మనిషి తలకాయలా? మనవాళ్ళకి తల అంటే పవిత్రమే. అమ్మ మన దువ్వెన కూడా భోజనాల బల్ల మీద పెట్టనిచ్చేది కాదు."

"చదువు కోసం తమ ఒళ్ళు దానం చేసినవాళ్ళే అక్కా. బతికుండగా వాళ్ళే సంతకం పెట్టి ఇచ్చారు."

"వాళ్ళు ఇచ్చారు సరే. తీసుకోడానికి నువ్వెవరివి?"

బయలుదేరిన రోజున మాత్రం రోయిమాత ఒక బకెట్ నిండా ఉప్పు పట్టించిన సముద్రపు పక్షులు పంపించింది. కోపం ఎంత ఉన్నా తిండి దగ్గర ఆమె ఎప్పుడూ చెల్లెలి పక్షమే.

శరీరశాస్త్రపు గదిలోకి వెళ్ళిన మొదటి రోజు నైరీలాగే మావొరీ అయిన ఒక పెద్దాయన వచ్చి ప్రార్థన చదివాడు. పద్నాలుగు బల్లల మీద తెల్లటి గుడ్డలు కప్పి ఉన్నాయి. గది బయట వాకిట్లో నీళ్ళ గిన్నె పెట్టారు, వెళ్ళేటప్పుడు చేతుల మీద, తల మీద చల్లుకోవడానికి. పాఠం చెప్పే హామిష్ కాల్డర్ అరవై దాటిన మనిషి. పెద్దగా మాట్లాడడు, జేబులో ఎప్పుడూ పెన్సిళ్ళుంటాయి. క్లాసులో పిల్లలందరూ ఆయన్ని పేరు పెట్టే పిలిచేవారు. నైరీకి మాత్రం నోరు రాక "సార్" అనేది. ఆమె పక్కన పడింది లోసా అనే పందొమ్మిదేళ్ళ సమోవా పిల్ల. ఆక్లండ్ నుంచి వచ్చింది, డునెడిన్ చలికి మూడు స్వెట్టర్లు తొడుక్కుని తిరిగేది. తనకంటే పెద్దవాళ్ళందరూ లోసాకి ఆంటీలే, అంకుళ్ళే.

"ఆంటీ, నాకు భయమేస్తోంది," అంది లోసా, గుడ్డ తీసే ముందు.

"నాకూ వేస్తోంది."

"మీరు కబేళాలో చేశారుగా."

"అక్కడ ఎవరూ నా కోసం సంతకం పెట్టి రాలేదే."

వాళ్ళ బల్ల మీద ఉన్నది ఎనభై మూడేళ్ళ స్త్రీ. అంతకు మించి ఆమె గురించి ఎవరికీ ఏమీ చెప్పరు. పొట్టి మనిషి. చూపుడు వేలి గోరు ఒకటి ఎప్పుడో చితికి వంకరగా పెరిగింది. ఆ మొదటి రోజు నైరీ చూడగలిగింది ఆ గోరునే. మిగతా మనిషినంతా చూడడానికి వారం పట్టింది.

నెల తిరిగేసరికి మొదటి పరీక్ష పెట్టారు. గదంతా నలభై చోట్ల చిన్న చిన్న జెండాలు గుచ్చి ఉంటాయి. ఒక్కో జెండా దగ్గర ఒక్క నిమిషం. గంట మోగితే పక్క జెండా దగ్గరికి జరగాలి. జెండా గుచ్చింది దేనికో పేరు రాయాలి, అంతే. చైను మీద పనిచేసిన నైరీకి గంట కొత్త కాదు, నిలబడడం కొత్త కాదు. ఏ జెండా దగ్గరా ఆమె తడుముకోలేదు. నలభైకి నలభై రాసి బయటికొచ్చింది. పదకొండు మార్కులు వచ్చాయి.

హామిష్ పిలిపించి ఆమె రాసిన కాగితం ముందు పెట్టాడు.

"ఇరవై మూడో జెండా దగ్గర 'ఊపిరి గొట్టం మీది మూత' అని రాశారు."

"మూతే కదండీ, సార్."

"మూతే. ఇక్కడ చూడండి, 'నాలుక వేలాడే బొక్క, దేనికీ అతుక్కోదు' అని రాశారు. అదీ నిజమే. ఒంట్లో ఇంకో ఎముకతో కీలు లేకుండా కండరాల మధ్య వేలాడే ఎముక అదొక్కటే. ఇది నేను రెండు వారాలు చెప్పినా సగం మందికి ఎక్కలేదు." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మీరు రాసినవన్నీ నిజాలే. ఒక్కటీ పేరు కాదు."

"పేరు తెలియకపోతే పని ఆగుతుందాండీ?"

"ఆగుతుంది. రాత్రి డ్యూటీ డాక్టరు 'ఎపిగ్లాటిస్ వాచింది, నోటికేమీ ఇవ్వకండి' అని రాసి వెళ్ళిపోతాడు, మీ మూత పేరే అది. పొద్దున్నే మీరొచ్చి అది చదువుతారు. మీ ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోరు. మధ్యలో మంచం మీద మనిషి. అక్కడ పేరొక్కటే మీ ఇద్దరినీ ఒకే చోట నిలబెడుతుంది."

నైరీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. ఇంటికెళ్ళే దారి పొడుగునా కొండ ఎక్కుతూ "ఎపిగ్లాటిస్, ఎపిగ్లాటిస్" అనుకుంటూ వెళ్ళింది. గుమ్మం దగ్గరకి చేరేసరికి అది "ఎపిగ్లాసిస్" అయిపోయింది.

లోసా అట్టముక్కలు కోసి ఒకవైపు బొమ్మలు, వెనకవైపు పేర్లు రాసిచ్చింది. సాయంత్రాలు వంటింట్లో హీటరు ముందు మనాహి ఆ అట్టలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించేవాడు. పక్షవాతం తర్వాత అక్షరాలు కూడా అతనికి చిక్కుపడిపోయాయి. వెనక రాసిన పేరు అతను చదవలేడు. అయినా నైరీ తప్పు చెప్పిన ప్రతిసారీ "కాదు" అనేవాడు. ఒకసారి కూడా పొరబడలేదు.

"నీకెలా తెలుస్తోందయ్యా?"

మనాహి ఎడమ చేత్తో ఆమె కనుబొమల మధ్య ముడిని తట్టి చూపించాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమె అబద్ధమాడినప్పుడల్లా ఆ ముడి పడుతుందని అతనికి తెలుసట. ఆ సంగతి ఆమెకి ఆ రోజే తెలిసింది.

పేర్లు మాత్రం లోపలికి వెళ్ళడం లేదు. లాటిన్, గ్రీకు. నోట్లో గులకరాళ్ళు వేసుకున్నట్టుండేవి. ఒక ఆదివారం లోసా వచ్చి, చీజ్ రోల్స్ తింటూ, విసుగ్గా అట్టలు తిరగేస్తూ ఉన్నట్టుండి ఆగింది.

"ఆంటీ, ఇవి పేర్లు కావు. సామాన్లు."

"ఏం సామాన్లు?"

"చూడండి. కోక్లియా అంటే నత్తగుల్ల. థైరాయిడ్ అంటే డాలు. క్రికాయిడ్ అంటే ఉంగరం. ముక్కులో ఈ పలచటి ఎముక ఉంది కదా, వోమర్, అంటే నాగటి కర్రు. గొంతులో వేలాడే కొండనాలుక, యువులా, చిన్న ద్రాక్షపండు. అరిటినాయిడ్ ఏమో గరిట." లోసా పుస్తకం వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అర్థాలు చదువుతోంది. "వాళ్ళూ మీలాంటివాళ్ళే. లోపల ఏదో కనిపించింది, ఏమనాలో తెలీలేదు, ఇంట్లో ఉన్న సామాను పేరు పెట్టేశారు."

నైరీ పుస్తకం లాక్కుంది. చెవి గుంట ముందుండే చిన్న ముక్కకి పేరు ట్రాగస్. అంటే మేక. మగవాళ్ళకి వయసొచ్చాక అక్కడ వెంట్రుకలు మొలిచి మేక గడ్డంలా ఉంటుందని.

నైరీ నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. మనాహి చెవి పట్టుకుని "మేకా, ఇటు తిరుగు" అంది. మనాహి "కాదు" అన్నాడు, చాలా గంభీరంగా. అదీ నవ్వే. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఆమెకి ఆ నవ్వు కింద ఇంకేదో మిగిలింది. వందల ఏళ్ళ కిందట ఎక్కడో ఒక చలి గదిలో ఒక మనిషి, ముక్కు మూసుకుని, కత్తి పట్టుకుని, చనిపోయినవాడి చెవిలోకి తొంగి చూసి, తన పెరట్లో మేకని గుర్తు చేసుకున్నాడు. ఆ మాట ఇవాళ తన వంటింటికి వచ్చింది. మధ్యలో ఎంతమంది నోళ్ళు మారి వచ్చిందో.

ఆ తర్వాత పేర్లు ఒక్కొక్కటే నిలవడం మొదలైంది.

మధ్యచెవి పాఠం రోజున హామిష్ ఒక గాజుగొట్టం తెచ్చాడు. అందులో మూడు ఎముకలు. సుత్తి, కమ్మరి దిమ్మలాంటి దాగలి, అంకవన్నె. కర్ణభేరి అదిరితే సుత్తి కదులుతుంది, సుత్తి దాగలిని తడుతుంది, దాగలి అంకవన్నెని తోస్తుంది, అంకవన్నె లోపలి చెవి కిటికీని నొక్కుతుంది. లోపల నీళ్ళు. ఆ నీళ్ళలో పుట్టిన అలే మనం విన్న మాట. గుర్రం మీద రౌతు కాలు పెట్టే అంకవన్నె ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది మూడోది. కాకపోతే బియ్యపు గింజలో సగం. లోసా అరచేతిలో వేస్తే ఆ పిల్ల ఊపిరి బిగబట్టేసింది.

"ఊదితే ఎగిరిపోతుందేమో ఆంటీ. మీరు పట్టుకోండి."

"నా చేతులు గొర్రె దవడలకి అలవాటు పడ్డవి. నాకెందుకివ్వడం?"

"పుట్టినప్పుడు ఎంత ఉంటుందో చచ్చేదాకా దాదాపు అంతే," అన్నాడు హామిష్ వెనక నుంచి. "మనిషి పెరుగుతాడు, ఇవి పెరగవు. తల్లి కడుపులోనే పూర్తిగా తయారై సిద్ధంగా కూర్చుంటాయి."

నైరీ ఆ ఎముకని తన అరచేతిలోకి తీసుకుని చూసింది. కబేళాలో ఏళ్ళ తరబడి వచ్చిపోయిన లక్షల తలకాయల్లోనూ ఇవి ఉండే ఉంటాయి. చెవి పక్కనుంచే కత్తి తిప్పింది. ఒక్కసారి కూడా లోపలేముందని ఆమెకి తోచలేదు.

ఆ దక్షిణ దేశంలో జూలై అంటే చలికాలం, సెలవులొచ్చాయి. పిల్లలందరూ ఇళ్ళకి వెళ్ళిపోయాక హామిష్ ఆమెకి కబురు పెట్టాడు. వచ్చే తరగతులకి చూపించడానికి గొంతు, చెవి విడదీసి పెట్టాలి. ఆయన చేతులకి వణుకు మొదలైంది. ఎవరికీ చెప్పలేదు.

"మీ చేతులు కావాలి నాకు," అన్నాడు.

"నా చేతులు తొందరపడతాయి సార్."

"పడనివ్వను."

మొదట నైరీ వాళ్ళ బల్ల మీది ముసలావిడ గొంతు విప్పారు. నైరీ చిన్న కత్తితో పొర తర్వాత పొర తీస్తూ వెళ్ళింది. కండరం, దాని పేరు. నరం, దాని పేరు. గొర్రెలో ఆ మూత అంగిలి దాకా ఎగువకి లేచి ఉంటుంది, అందుకే గొర్రె నీళ్ళు తాగుతూ కూడా ఊపిరి పీలుస్తుంది. మనిషిలో అది చాలా కిందికి దిగి ఉంది. ఆమె కత్తి అలవాటు కొద్దీ పైన వెతికి, దొరక్క, ఆగింది.

"కింద," అన్నాడు హామిష్. "పసిపిల్లల్లో పైనే ఉంటుంది. కొన్ని నెలలయ్యాక జారడం మొదలవుతుంది. జారితే గొంతులో చోటు పెరుగుతుంది. ఆ చోటు లేకపోతే మనకి ఇన్ని రకాల శబ్దాలు రావు. దానికి బదులు మనకి పొలమారుతుంది."

వెనక నుంచి స్వరపేటికని చీల్చి రెండు తలుపుల్లా తెరిచింది నైరీ. లోపల రెండు పక్కలా రెండు సన్నటి మడతలు, లేత ముత్యపు రంగు. ఒక్కోటీ ఆమె చిటికెన వేలి గోరంత పొడవు. అంతే. ఇంకేమీ లేదు. నైరీ ఇంకా ఏదో ఉంటుందని చూసింది. ఎనభై మూడేళ్ళు ఈమె పిల్లల్ని కేకేసి ఉంటుంది, పక్కింటివాళ్ళతో పోట్లాడి ఉంటుంది, పాడి ఉంటుంది, ఎవరి చెవిలోనో గుసగుసలాడి ఉంటుంది. అన్నీ ఈ రెండు మడతల మధ్య సందులోంచే వచ్చాయి. కత్తి పళ్ళెంలో పెట్టేసి నైరీ కాసేపు ఊరికే నిలబడింది. హామిష్ తొందరపెట్టలేదు. ఇలా నిలబడిపోయిన వాళ్ళని ఆయన చాలామందిని చూశాడు.

చెవి రెండో వారంలో మొదలుపెట్టారు. చెవి దాగి ఉండే ఎముక ఒంట్లోకెల్లా గట్టిది. దాన్ని చిన్న డ్రిల్లుతో హామిష్ తొలిచాడు, చెయ్యి వణకకుండా మోచెయ్యి బల్లకి బిగించి. చివరి పలచటి పెంకు మాత్రం నైరీకి వదిలేశాడు. మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, గుండుసూది మొనలాంటి పనిముట్టుతో ఆమె ఆ పెంకుని రవ్వంత రవ్వంత ఎత్తింది. పని చేస్తున్నంత సేపూ నోట్లోనే ఏదో గొణుగుతోంది.

"నాతోనా?" అన్నాడు హామిష్.

"ఈమెతో. ఇంకొంచెమే తల్లీ అంటున్నాను."

పెంకు లేచింది. లోపల చిన్న గది. కర్ణభేరి గోడలా కనిపించింది, దానికి ఆనుకుని సుత్తి, సుత్తికి ఆనుకుని దాగలి. దాగలి పొడుగాటి కాలు కిందికి దిగింది. దాని చివర అంకవన్నె ఉండాలి. లేదు. అంకవన్నె ఉండాల్సిన చోట ఏదో తళుక్కుమంది.

"సార్, డ్రిల్లు ముక్క విరిగి లోపల పడ్డట్టుంది."

హామిష్ వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ కూర్చుని చూశాడు.

"విరిగింది కాదు. పెట్టింది."

"ఎవరు పెట్టారు?"

"సర్జను. సరిగ్గా చూడండి, దాగలి కాలికి కొక్కెంలా చుట్టి ఉంది."

నైరీ చూసింది. వెంట్రుకంత ఉక్కు తీగ. పై కొస దాగలి కాలి చుట్టూ ఒక్క చుట్టు చుట్టి నొక్కి ఉంది. కింది కొసకి తెల్లటి చిన్న కాడ, అది లోపలి చెవి కిటికీలోకి దిగి ఉంది. మొత్తం నాలుగు మిల్లీమీటర్లుండదు.

హామిష్ నెమ్మదిగా చెప్పాడు. కొందరికి వయసులో ఉండగానే అంకవన్నె చుట్టూ ఎముక పెరిగి బిగుసుకుపోతుంది. తుప్పు పట్టిన గడియలాగా. శబ్దం తలుపు దాకా వస్తుంది, తలుపు తెరుచుకోదు. ఆడవాళ్ళలో ఎక్కువ, కానుపుల తర్వాత ఇంకా ముదురుతుందని అనేవారు. ఏళ్ళ మీద మెల్లగా చెవుడు కమ్ముకుంటుంది. ఈ తీగ తీరు చూస్తే అరవై ఏళ్ళ కిందటిది కావచ్చు. చెవి రంధ్రంలోంచే, ఒక పెన్సిలు పట్టేంత దారిలోంచి పనిముట్లు పోనిచ్చి, బిగుసుకున్న ఎముక తీసేసి ఈ తీగ తగిలించారు.

"అంటే అప్పటికి ఈమెకి ఇరవై, ఇరవై అయిదేళ్ళు," అంది నైరీ.

"ఉండొచ్చు."

"పిల్లలుంటే చంటివాళ్ళు. వాళ్ళ ఏడుపు వినపడేది కాదేమో."

హామిష్ దీపం ఇంకొంచెం దగ్గరికి జరిపాడు.

"మర్నాడు లేచేసరికి వినిపించి ఉంటుందా సార్?"

"మర్నాడు దాకా ఎందుకు? అప్పట్లో చాలావరకు పూర్తి మత్తు ఇచ్చేవారు కాదు, చెవి తిమ్మిరెక్కించి చేసేవారు. తీగ తగిలించగానే బల్ల మీదే వినిపించేది. డాక్టరు మాస్కులోంచే మెల్లగా ఏదో ఒకటి అడిగేవాడు, తెలుసుకోడానికి."

"ఏమడిగేవాడు?"

"నేను చూడలేదు. మా గురువుగారు చెప్పేవారు, ముందు పేరు అడుగుతారని."

నైరీ మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగింది. ఇరవై అయిదేళ్ళ పిల్ల ఒకతె బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఉంది. లోకమంతా దుప్పటి కప్పుకున్నట్టు దూరంగా ఉంది. ఉన్నట్టుండి ఎవరో పక్కనే, చెవిలోనే, నీ పేరేమిటమ్మా అన్నారు. ఆ పిల్ల ఏం చెప్పింది? ముందు ఏడ్చిందా? తన గొంతు తనకే వినిపించి బెదిరిందా? ఎన్నేళ్ళుగా ఆమె గొంతు ఆమెకి వినపడి ఉండదు? ఆ తర్వాత అరవై ఏళ్ళు వానలు, కెటిళ్ళు, మనవళ్ళు, టీవీ, భర్త గురక, ఎవరిదో చివరి మాట, సమస్తమూ ఈ వెంట్రుకంత తీగని కదిలించి లోపలికి వెళ్ళాయి. తీగ తుప్పు పట్టలేదు. కొక్కెం వదులు కాలేదు. ఇంకా పట్టుకునే ఉంది.

ఆమె కళ్ళు మసకబారి మైక్రోస్కోపులో ఏమీ కనిపించలేదు. చేతి తొడుగులతో కళ్ళు తుడుచుకోకూడదు కాబట్టి అలాగే వదిలేసింది.

"తీసి విడిగా పెట్టమంటారా?" అని అడిగింది.

"మీరేమంటారు?"

"ఉండనివ్వండి సార్. అది ఆమెది."

"ఉండనిద్దాం," అన్నాడు హామిష్.

వాకిట్లో నీళ్ళు చల్లుకుని ఇంటికెళ్ళేసరికి మనాహి బంగాళదుంపలు ఒక చేత్తోనే చెక్కు తీస్తున్నాడు. నైరీ కోటు కూడా విప్పకుండా కూర్చుని అంతా చెప్పింది. ఎవరో తెలియదు, పేరు తెలియదు, అలాంటి సంగతులు బయట చెప్పకూడదు కూడా, కానీ మనాహి ఎవరికి చెప్పగలడు. బిగుసుకున్న ఎముక గురించి, తీగ గురించి, బల్ల మీద అడిగిన ప్రశ్న గురించి చెప్పింది. మనాహి చెక్కు తీయడం ఆపేశాడు. కత్తి పక్కన పెట్టి, చెయ్యి చాచి, ఆమె చెవి వెనక ఎముక మీద వేలు ఆనించాడు. చాలాసేపు అలా ఉంచాడు.

"దరిద్రం," అన్నాడు చివరికి, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా.

"అవునయ్యా," అంది నైరీ. అంతకంటే సరైన మాట ఆమెకీ దొరకలేదు.

సెప్టెంబరులో రెండో పరీక్ష జరిగింది. నలభైకి ముప్పై ఆరు. పోయిన నాలుగూ నరాలే. నరాలు కబేళాలో ఎవరూ లెక్కచేసేవారు కాదు. లోసాకి ముప్పై నాలుగు వచ్చి, వారం రోజులు నైరీతో మాట్లాడనని బెదిరించి, మర్నాడే చీజ్ రోల్స్ కోసం వచ్చేసింది.

నవంబరులో ఆ ఏటి చదువు ముగిశాక దేహదానం చేసినవాళ్ళ కుటుంబాలని పిలిచి కృతజ్ఞతల సభ పెట్టారు. ఎవరి మనిషి ఏ బల్ల మీద ఉన్నారో వచ్చినవాళ్ళకీ తెలియదు, విద్యార్థులకీ తెలియదు. హాలు నిండిపోయింది. రోయిమాత బ్లఫ్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చింది. మనాహిని చూసుకోడానికని చెప్పింది గానీ నల్ల గౌను, ఆకుపచ్చ రాయి హారం వేసుకునే వచ్చింది. పెద్దాయన ప్రార్థన చదివాక అందరూ లేచి స్తోత్రం అందుకున్నారు. మనాహి కూడా లేచాడు. మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా, ఒక్క మాట పోకుండా, లావుపాటి గొంతుతో పాడాడు. వెనక వరసలో లోసా పాడడం ఆపేసి నోరు తెరుచుకుని చూసింది.

"ఆంటీ, అంకుల్‌కి మాటలొస్తున్నాయి."

"మెదడులో పాటకి వేరే దారి ఉంటుందే. వచ్చే ఏడాది పాఠం అది. అప్పుడు చదువుకో, ఇప్పుడు పాడు."

సభయ్యాక టీ ఇచ్చారు. నైరీ కప్పులు అందిస్తూ ప్రతి ముసలి మొహంలోనూ, ప్రతి నడివయసు మొహంలోనూ ఏదో వెతుక్కుంటోంది. ఎవరి తల్లి? ఎవరి నాయనమ్మ? అడగకూడదు, చెప్పకూడదు. కిటికీ పక్కన ఎనభై దగ్గరి వయసున్న ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ గట్టిగా పట్టుకుని. నైరీ టీ ఇస్తే తీసుకుని, ఆమె చెయ్యి వదల్లేదు.

"నువ్వు అక్కడ చదివే అమ్మాయివేనా?"

నలభై ఏడేళ్ళ తనని అమ్మాయి అన్నందుకు నైరీకి నవ్వొచ్చింది. "అవునండీ."

"మా అక్క ఇక్కడికే వచ్చింది. రెండేళ్ళవుతోంది." ఆవిడ గొంతు తగ్గించింది. "నేనొక మాట అడగొచ్చా? నా పిల్లలు అడగొద్దన్నారు."

"అడగండి."

"మా అక్క ఎప్పుడూ ఒంటరిగా ఉండలేదు. ఆరుగురం ఒకే గదిలో పెరిగాం. ఇక్కడ మరి, ఈ రెండేళ్ళూ… ఆవిడ దగ్గర ఎవరన్నా ఉన్నారా?"

నైరీ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ ఎవరి చెల్లెలో ఆమెకి తెలియదు. అయినా చెప్పగలిగింది ఒకటుంది.

"మీ అక్క ఏ బల్ల దగ్గర ఉన్నారో నాకు తెలీదమ్మా. కానీ ఏ బల్ల దగ్గరైనా పొద్దున ఎనిమిదింటి నుంచీ మేముండేవాళ్ళం. ఒక్కో బల్లకి ఆరుగురం. పొద్దున గుడ్డ తీసేటప్పుడు పలకరించేవాళ్ళం. సాయంత్రం కప్పేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పేవాళ్ళం. నేనైతే పని చేస్తున్నంత సేపూ మాట్లాడుతూనే ఉండేదాన్ని. మా సార్ నవ్వేవారు."

"ఆరుగురా?" అంది ఆవిడ.

"ఆరుగురమే."

ఆవిడ టీ కప్పు వంక చూస్తూ తల ఆడించింది. ఒక గుక్క తాగింది.

"ఏం మాట్లాడేదానివి?" అని అడిగింది.

"ఏదో ఒకటి. చలి గురించి. మా ఆయన గురించి. పరీక్షలంటే భయం గురించి."

"చెప్పు మరి, ఆ మీ ఆయన సంగతి," అంది ఆవిడ, నైరీ వైపు కుర్చీ జరుపుకుంటూ. "అక్కకి చెప్పింది నాకూ చెప్పు."